చిట్టి పేరుకి చోటు

వీధిలో అందరూ కండలరాయుడనే పిలిచే ఆయన పొద్దున్నే గుడ్ల తెల్లసొన మింగి, అద్దం ముందు ఒక్కో కండనూ బిగించి చూసుకుంటాడు. కండల పోటీల కోసం పదిహేనేళ్లుగా అదే అద్దం, అదే ఉప్పులేని తిండి. ఈమధ్య కూతురు చిట్టి పేరు గుండె మీద పచ్చబొట్టు పొడిపించుకోవాలనిపించింది. జిమ్‌లో కోచ్ ఇంతెత్తున లేచాడు. "జడ్జీలొచ్చేది కండ చూడ్డానికి, నీ కూతురి పేరు చదవడానికి కాదు!" చేతులు, వీపు, తొడలు, పిక్కలు, అన్నిటికీ మార్కులున్నాయి. ఇంత ఒంట్లో తనకంటూ మిగిలింది ఒక్కటే. పచ్చబొట్ల కొట్లో బూటు విప్పి అరికాలు చాపాడు. కొట్టువాడు సూది పక్కన పెట్టేశాడు.

"పిల్ల పేరు తొక్కుతూ తిరుగుతావా అన్నా?"

ఆయన బూటు తొడుక్కున్నాడు. ఏ పేరూ లేని ఆ పాదాన్ని జిమ్ దాకా ఆనీ ఆనకుండా మోపుతూ నడిచాడు.