గాలి ఉన్న నీళ్లు, గాలి లేని నీళ్లు

పుంగనూరు దగ్గర మా చేనిబావి మోటారు వేస్తుంటే చిన్నాన్నకు కరెంటు షాకు కొట్టింది. ఆ రోజు అరచేతిలో సెనగగింజంత మచ్చే కనిపించింది. వారం తిరిగేసరికి రెండు వేళ్లు నల్లబడ్డాయి. కరెంటు వదిలేశాక కూడా కండ ఎందుకు చస్తూ పోయిందో మాకెవరూ చెప్పలేదు.

ఎనభైల మొదట్లో మదనపల్లెలో ఒక కాలేజీ ల్యాబులో పనికి చేరాక, అక్కడి లెక్చరరును ఆ మాట అడిగాను. నాకంటే పదేళ్లు పెద్దవాడు. అన్నా అని పిలిచేదాన్ని. "సేసి సూడమ్మా, నేనుండాను గదా" అన్నాడు. ఆ ధైర్యంతోనే ఏడాదిన్నర పనిచేశాను.

బేకరీ ఈస్టును ఉప్పునీళ్లలో కలిపి, కరెంటును పట్టి ఉంచే పాత రేడియో కండెన్సర్లతో రెప్పపాటు కరెంటు దెబ్బలు కొట్టేదాన్ని. సగం కాయని నీళ్లలో, సగం కాచి చల్లార్చిన నీళ్లలో. కాస్తే నీళ్లలోని ఆక్సిజన్ పోతుంది. మళ్లీ గాలి దిగకుండా పైన వేరుశనగ నూనె పోసేదాన్ని. తర్వాత నీలం రంగు వేసి మైక్రోస్కోపులో చూస్తే చచ్చిన కణాలు నీలంగా కనబడతాయి. దెబ్బ ఒకటే అయినా, గాలి ఉన్న నీళ్లలో నీలం కణాలు ఎప్పుడూ ఎక్కువే. కరెంటు కణం పొరకు చిల్లు పెడితే, ఆక్సిజన్ ఆ పొరను ఇంకా పాడుచేస్తోందని అనుకున్నాను.

కుప్పంలో జరిగే సైన్సు సభలో ఇద్దరి పేర్లతో వ్యాసం చదువుదామంటూ నా నోటుబుక్కును అన్న తీసుకున్నాడు.

సభలో వెనక వరసలో కూర్చున్నాను. నా పట్టికలే, నా వాక్యాలే. పేరు మాత్రం ఆయనొక్కడిదే. చదవడం అయ్యాక ఒక పెద్దాయన లేచి, "నీళ్లు కాస్తే ఉప్పు చిక్కబడుతుంది. తేడా దానివల్ల కావచ్చు గదా?" అన్నారు. అన్న తడబడి నా వైపు చూపించి, "మా ల్యాబు అమ్మాయి చెబుతుంది" అన్నాడు.

నేను నోరు మూసుకుంటే అన్న పరువు అక్కడే పోయేది. పనిలో తప్పు లేదు గనుక లేచాను. నీళ్లు చల్లారాకే కొలిచి ఉప్పు వేశానని చెప్పాను. చప్పట్లు కొట్టారు. అన్న చేతులు జోడించి వాటిని అందుకున్నాడు.

వరండాలో నిలదీశాను. "నా పేరు యాల తీసేసినావన్నా?"

"నీ పేరు సూస్తే ఎవురు పట్టించుకుంటారమ్మా? నా పేరుతో అయినా నలుగురికీ తెలిసింది గదా" అంటూ టీ గ్లాసు అందించబోయాడు. తీసుకోలేదు.

ఆ నెలలోనే ఉద్యోగం మానేసి రామసముద్రంలో సైన్సు టీచరుగా చేరాను. చాలా ఏళ్లు నాకు కోపం ఆయన మీద కంటే, ఆ రోజు లేచి జవాబు చెప్పిన నా మీదే ఎక్కువగా ఉండేది.