భూమి వాటా

మా బావ పేరు ఫోర్తునాతో. లీమాలో తాపీ పని చేస్తాడు. ఏటా ఆగస్టు వచ్చేసరికి ఇటుకలు పేర్చే ఆ చేతికి దురద పుట్టేది. మూటలోంచి కత్తెర తీసేవాడు. కత్తెరంటే రెండు విడి ఉక్కు రేకులు. వాటిని ఒకే చేతిలో పట్టుకుని ఖణఖణమని మోగిస్తూ ఆడాలి. ఆట మధ్యలో మోత ఆగితే ఓడినట్టే. ఆ రేకులు గురువు పోతూ పోతూ చేతిలో పెట్టినవి. వాటితో ముప్పై ఏళ్లు కొండ ఊళ్లలో కాలువలు శుభ్రం చేసే పండుగలకు ఆడుతూ వచ్చాడు. నేను ఆయన భార్య తమ్ముణ్ణి, ఆటకి ఫిడేలు వాయించేవాణ్ణి. పిరికివాణ్ణి, ముందే ఒప్పేసుకుంటున్నాను.

ఆ ఏడు పుక్యోపాంపా ఊరివాళ్లు పిలిచారు. బస్సు దిగి రెండు గంటలు కొండెక్కాం. పండుగ చేయిస్తున్న మెల్చోరా అవ్వ వాకిట్లోకి చేరేసరికి బావ నాలుక పిడచకట్టుకుపోయింది. అవ్వ సొరకాయ బుర్రలో మొక్కజొన్న కల్లు అందించింది. బావ ఎత్తిన బుర్ర దించకుండా గటగటా తాగేశాడు.

అప్పుడు నేల వైపు చూశాను. పొడిగా ఉంది. మొదటి చుక్కలు భూమికి ఒంపకుండా మాలో ఎవరూ తాగరు, నిన్న పాలు మానిన పిల్లలు కూడా.

"ఒంపలేదు కదూ?" అంది అవ్వ.

"దాహంలో మర్చిపోయా అవ్వా."

"నాకెందుకు చెప్తావ్? ఆవిడకి చెప్పుకో." నేలకేసి చూపించింది.

బావ మళ్లీ నింపించుకుని మొత్తం ఒంపేశాడు. అవ్వ తల అడ్డంగా ఊపింది.

"ఎంగిలి పోస్తావేంట్రా? ఆవిడ వాటా ఇక ఆవిడే తీసుకుంటుందిలే."

ఎలా తీసుకుంటుందో మా ఇద్దరికీ తెలుసు. మధ్యాహ్నం ఇంకో జట్టుతో పోటీలో చర్చి గంటగోపురం నుంచి మైదానం అవతలి స్తంభం దాకా కత్తెర మోగిస్తూ తాడు మీద నడవాలి. కింద వల ఉండదు. అంతకు ముందేడు ఆ తాడు మీంచి పడినవాడు ఇంకా చంకకర్రలతోనే తిరుగుతున్నాడు.

కాల్చిన గినీపంది, బంగాళాదుంపల పులుసు వడ్డించారు. నేను పళ్లెం పక్కకి నెట్టాను.

"మానెయ్ బావా. కాలు బెణికిందని నేను చెప్తా."

"నీ మొహానికి అబద్ధం కూడానా! తిను." నవ్వి పళ్లెం మళ్లీ నా వైపు తోశాడు. "ఎక్కనంటే ఇక ఏ ఊరూ పిలవదురా. ఇటుకలు ఎవడైనా పేరుస్తాడు. నాకున్నదల్లా ఇదొక్కటే."

ఎక్కాడు. కింద నేను వాయిస్తున్నాను. నా పాట తప్పితే ఆయన అడుగు తప్పుతుంది, అందుకని ఏడుపొస్తున్నా కమాను ఆపలేదు. సగం దాటాక గాలి లేచింది. తాడు ఊగింది. బావ ఆగిపోయాడు, చేతిలో మోత మాత్రం ఆగలేదు. చాలాసేపు నేల వైపే చూశాడు. ఆ తర్వాత వేళ్లు విప్పాడు. జారలేదు, నేను చూస్తూనే ఉన్నాను, ఒక్కొక్క వేలే విప్పాడు. రెండు రేకులూ వచ్చి మట్టిలో దిగబడ్డాయి.

"పడేశాడ్రోయ్!" అని అవతలి జట్టువాళ్లు ఈలలు వేశారు. బావ మిగతా సగం మోత లేకుండా, నా ఫిడేలుతోనే నడిచి దిగాడు. మెల్చోరా అవ్వ వచ్చి రేకుల మీద దోసెడు మట్టి కప్పింది.

"తెమ్మంటావా బావా?" అన్నాను.

"ఇచ్చింది వెనక్కి అడుగుతారట్రా?"

మళ్లీ ఆగస్టు వచ్చింది. ఏ ఊరూ పిలవలేదు. బావ గోడలు కడుతున్నాడు. మధ్యాహ్నం అన్నం తిని గోడకి చేరబడి కళ్లు మూసుకుంటే, కుడిచేతి వేళ్లు వాటంతటవే కదులుతుంటాయి, ఉత్తగా, చప్పుడు లేకుండా. ఆ రోజు ఆయన పడిపోతాడనే భయపడ్డాను. ఇప్పుడు ఆ చేతిని చూడాలన్నా భయమేస్తోంది.