గొర్రెల లెక్క అడిగిన ఏడు

1963 మార్చి ఆఖరుకు నా ఏడాది రాబడి ముప్పై ఒక్క వేల నాలుగు వందల అరవై రూపాయలు. నర్సింగ్ హోం కిరాయి, మందులు, ముగ్గురి జీతాలు, కారు ఖర్చు పోను పందొమ్మిది వేల రెండు వందల ఎనభై మిగిలాయి. మహబూబ్‌నగర్‌లో అప్పట్లో అది పెద్ద సంపాదన. ఆడమనిషికైతే మరీ పెద్దది.

నేను నల్గొండలో మూడేళ్ళు సర్కారు దవాఖానాలో పనిచేసి, 1957లో ఆ ఉద్యోగం వదిలి ఇక్కడ సొంతంగా కాన్పుల దవాఖాన పెట్టాను. ఉద్యోగంలో ఉన్నప్పుడు పన్ను జీతంలోనే కోసుకునేవారు. సొంత పని మొదలయ్యాక వకీలుగారు ప్రతి ఏడూ ఒక అంచనా వేసి రిటర్ను నింపేవారు. అంచనా అనే మాట నాకు పడదు. ఆ ఏడు ప్రతి రూపాయీ నేనే కూర్చి ఇస్తానన్నాను. జూన్ నెలాఖరు గడువు.

ఫీజులన్నీ కూడాక ఒకటి మిగిలింది. గొర్రెలు.

మా చుట్టుపక్కల గొర్రెలకాపరుల ఇళ్ళలో డబ్బు చేతికి రావడం తక్కువ. కాన్పు సుఖంగా అయి బిడ్డ ఏడిస్తే, నా పేరిట ఒక ఆడ గొర్రెపిల్లను వదిలేవారు. దాన్ని నా ఇంటికి తోలుకురారు. అది వాళ్ళ మందలోనే పెరుగుతుంది. ఈనితే పిల్లల్లో సగం వాళ్ళవి, సగం నావి. ఆరేళ్ళలో ఎన్ని పల్లెల్లో నాకు ఎన్ని గొర్రెలున్నాయో నాకే తెలియదు. పండక్కి ఒక పొట్టేలు వచ్చేది, అంతే.

ఇవి రాబడి కాదా అని వకీలుగారిని అడిగాను. ఆయన కళ్ళద్దాలు తీసి నన్ను చూశారు.

"గొర్రెలకు గూడ పన్ను కడ్తరా అమ్మా? ఇంక నయం, బర్రెలు ఇయ్యలేదు."

నేను నవ్వలేదు. ఉన్నదాన్ని లేదని సంతకం చేయలేనన్నాను. అట్లయితే ఈ ఏడు ఎన్ని పెరిగాయో తెలియాలి, అది తెలియాలంటే మొత్తం ఎన్ని ఉన్నాయో తెలియాలి అన్నారాయన. మే నెల చివర, వేసవి మేతకు కొల్లాపూర్ దిక్కు కృష్ణ ఒడ్డుకు పోయిన మందలు తిరిగొస్తున్న రోజుల్లో, మా కాంపౌండరును పల్లెలకు పంపాను. డాక్టరమ్మ తన గొర్రెల లెక్క అడుగుతున్నదని చెప్పి రమ్మన్నాను.

ఆ పల్లెల్లో ఒకదానిలో ఉన్న ఒక మనిషి మీదే నా మనసంతా ఉంది. ఇరవై ఏళ్ళ పిల్ల, ఒక పెద్ద కాపరి కోడలు. కటి ఎముక ఇరుకు. మొదటి కాన్పుకు రెండు రోజులు ఇంట్లోనే నొప్పులు పడ్డాక నా దగ్గరికి తెచ్చారు. బిడ్డ అప్పటికే పోయింది. పిల్లను దక్కించడమే కష్టమైంది. ఇప్పుడు మళ్ళీ నెలలు నిండుతున్నాయి. ఈసారి ఆపరేషన్ తప్ప దారి లేదని, నొప్పులు మొదలైతే ఆలస్యమైనట్టేనని, జూన్ పదిహేనుకల్లా తెచ్చి నా దగ్గర ఉంచాలని ఆమె మామతో మాట తీసుకున్నాను. ఆమె కోసం కిటికీ పక్క మంచం ఎవరికీ ఇవ్వలేదు.

జూన్ పదిహేను పోయింది. ఇరవై పోయింది. ఇరవై రెండున పొద్దున్నే ఆ మామ వచ్చాడు. భుజాన గొంగడి, మోకాళ్ళ దాకా దుమ్ము. వెంట గొర్రెలు. పద్నాలుగు మైళ్ళు నడిపించుకొని వచ్చి మా వాకిట్లోకి తోలాడు. కోడలు లేదు.

కోడలు ఏదని అడిగాను. ఆయన గొర్రెల వైపు చూపించాడు.

"పందొమ్మిది అమ్మా. అన్ని పల్లెలల్ల ఉన్నయి కూడేసి మీయి మీకు అప్పజెప్తున్న. రెండు ముసలియి సచ్చినయి, వాటి తోళ్ళు గూడ తెచ్చిన."

"గొర్రెలు తెమ్మని ఎవరన్నరు? నేను లెక్కనే గద అడిగింది."

"లెక్క అడిగినంక ఇంకేముంటది? తెగదెంపులన్నట్టే గద."

అప్పుడుగానీ నాకు అర్థం కాలేదు. కాపరులు మందను తలలు లెక్కపెట్టి చెప్పరు. ముఖం చూసి గుర్తుపడతారు, ఏది లేదో చూడగానే చెబుతారు. పాలికి ఉన్నవాళ్ళు విడిపోయేటప్పుడే నోటితో లెక్క పలుకుతారు. డాక్టరమ్మ లెక్క అడిగిందంటే మాతో సంబంధం వద్దనుకున్నది, ఇక మా ఇంటి కాన్పులు చెయ్యదు అని పల్లెల్లో అందరూ అనుకున్నారు. కోడలికి ఊరి మంత్రసానిని మాట్లాడుకున్నారు.

ఇది సర్కారుకు కట్టే పన్ను కోసమని చెప్పాను. ఆయన ముఖం ఇంకా నల్లబడింది.

"అయితె రేపు పట్వారి మా మందను గూడ రాసుకుంటడా?"

మీ పేరు ఎక్కడా ఉండదన్నాను. నమ్మాడో లేదో తెలియదు. కోడలు ఎట్లా ఉందని మళ్ళీ అడిగితే, నిన్నటి నుంచి నడుం పట్టుకుంటున్నదట అన్నాడు, ఏమీ కానట్టు.

గొర్రెలను కాంపౌండరుకు వదిలి, ఆయన్ను కారెక్కించుకొని బయలుదేరాను. వాన పడి వాగు దగ్గర బాట మెత్తబడింది. ఇంటికి చేరేసరికి పదకొండయింది. కోడలు వసారాలో గోడకు ఆనుకొని నిలబడి ఉంది. చెయ్యి వేసి చూశాను. నొప్పులు నిజమైనవే. బిడ్డ తల ఇంకా పైనే ఉంది.

అత్త గడపకు అడ్డంగా నిలబడింది. మమ్మల్ని లెక్కగట్టి వెళ్ళగొట్టిన దవాఖానకు మళ్ళ ఏ ముఖం పెట్టుకొని పోతం అని అడిగింది. నేను చెప్పిన మాటలేవీ ఆమెకు ఎక్కలేదు. మామ తల వంచుకొని నిలబడ్డాడు. లెక్క వెనక్కి తీసుకుంటానని ఒక్క మాట అంటే సరిపోయేదేమో. రాసి ఇవ్వాలనుకున్న దాన్ని రాయనని చెప్పడం నావల్ల కాలేదు.

కోడలే గోడ వదిలి ముందుకొచ్చింది.

"లెక్క గొర్రెలది అత్తా, నాది గాదు. నేను పోత."

చీర కుచ్చెళ్ళు చేత్తో పట్టుకొని, మధ్యలో నొప్పి వస్తే రెండుసార్లు ఆగి, తానే నడిచి కారు ఎక్కింది. అత్త ఆపలేదు. ఒక పాత చీర మడిచి తెచ్చి కోడలి పక్కన పెట్టి, తానూ ఎక్కి కూర్చుంది.

మధ్యాహ్నం రెండున్నరకు ఆపరేషన్ చేశాను. ఆడపిల్ల. ఆరు పౌండ్లు. ఏడవడానికి కొంచెం సేపు పట్టింది. ఆ కొంచెం సేపు ఎంతో నేను చూసుకోలేదు. ఏడ్చింది.

పందొమ్మిది గొర్రెలను ఆయన వెనక్కి తీసుకోనన్నాడు. విడగొట్టినవాటిని మళ్ళీ మందలో కలపరట. సంతలో అమ్మించాను. నాలుగు వందల పన్నెండు రూపాయలు వచ్చాయి. దాంతో వాటి విలువ ఎంతన్న సందేహం కూడా తీరింది. వకీలుగారు ఏది ఏ ఏటిదో విడదీసి రాశారు. జూన్ ఇరవై తొమ్మిదిన సంతకం పెట్టాను. తరువాత సర్కారు నుంచి ఎవరూ ఏమీ అడగలేదు.

జూలై మూడున తల్లీబిడ్డలను పంపించే రోజు మామ వచ్చాడు. గొర్రెపిల్ల ఊసు ఎత్తలేదు. ధోవతి మడతలోంచి నోట్లు తీసి బల్ల మీద పెట్టాడు. నూటయాభై. సొంత గొర్రెలు అమ్మి తెచ్చాడని కాంపౌండరు తరువాత చెప్పాడు. నేను అంత అడగలేదు, అసలు ఏమీ అడగలేదు. తీసుకోనంటే ఆయన కదిలేట్టు లేడు.

"రసీదు ఇయ్యుండ్రి అమ్మా."

రాసి ఇచ్చాను. చదవమన్నాడు. అంకె, తారీఖు, కాన్పు ఫీజు అని చదివాను. ఇంకోసారి చదవమన్నాడు. చదివాను.

"ఇగ లెక్క సాఫ్," అన్నాడు.

కోపం లేదు ఆ గొంతులో. కోడలు బిడ్డను ఎత్తుకొని నాకు చూపించి నవ్వింది. అత్త నా చెయ్యి పట్టుకుంది. బస్సు దాకా నా కారు పంపుతానంటే, నడుస్తం అమ్మా అన్నాడాయన. కోడలు నడవకూడదని నేను గట్టిగా చెబితే, ఆమెను, అత్తను ఎక్కించి తాను వెనక నడిచాడు.

ఆ తరువాత కూడా ఆ పల్లెల నుంచి కాన్పులకు వచ్చారు. నొప్పులకు ముందే వచ్చారు. వెళ్ళేటప్పుడు ఫీజు ఎంతని అడిగి, కట్టి, రసీదు తీసుకొని వెళ్ళారు. నా రాబడిలో లెక్క తేలనిది ఏదీ మళ్ళీ మిగలలేదు.