షహీనా రాసిన అందాజు

రిటైర్మెంటుకు మూడేళ్ల ముందు, జూన్ నెలలో, నంద్యాలలో ఒక డిగ్రీ కళాశాలలో స్టాటిస్టిక్స్ రీడరుగా ఉన్న నన్ను ఒక పిహెచ్‌డి పరిశీలన కమిటీలో వేశారు. సభ్యులందరూ సంతకం పెడితేనే సిద్ధాంత వ్యాసం విశ్వవిద్యాలయానికి పోతుంది. అభ్యర్థి షహీనా ఆళ్లగడ్డలో ఫిజిక్స్ లెక్చరర్. ఆమె గడువు ఆ నెలాఖరుకు తీరిపోతుంది. నేను తప్ప అందరూ సంతకం చేశారు.

ఆమె పని నక్షత్రాల దూరాలు తేల్చడం. భూమి సూర్యుని చుట్టూ తిరుగుతుంటే నక్షత్రం కాస్త పక్కకు జరిగినట్టు కనబడుతుంది. ఆ కోణం ఎంత చిన్నదైతే నక్షత్రం అంత దూరం. మరీ దూరపువాటికి కొలతలోని తప్పు వల్ల కోణం ఒక్కోసారి సున్నాకంటే తక్కువ వస్తుంది. అలాంటివి కొట్టేయమని ముప్పై ఏళ్లు పాఠం చెప్పినవాణ్ణి నేను. ఆమె కొట్టేయలేదు. నక్షత్రాలు ఎంత దూరాన ఉండవచ్చో ముందే ఒక అంచనా రాసుకుని, కొలతలతో దాన్ని సవరించింది. దీన్ని బేసియన్ పద్ధతి అంటారు. ముందే ఒకటి అనుకుని లెక్కకు కూర్చుంటే అది జాతకం చెప్పడమేనని సెమినార్‌లో అందరి ముందూ అన్నాను. నేను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు మరి.

తర్వాతి వారం ఏదో పరీక్షల పని మీద ఆళ్లగడ్డ వెళ్లాను. స్టాఫ్ రూములో టీ ఇప్పించి, షహీనా నా ముందు ఒక కాగితం పెట్టింది.

"మీరు కొట్టేసేది గూడా అందాజే సార్. నా అందాజు నేను రాసినా. మీది రాయకుండా వాడుతాండారు."

అసలు దూరం ముందే తెలిసేలా ఆమె కంప్యూటర్లో కొన్ని నక్షత్రాలను కల్పించింది. వాటికి నా పద్ధతి వాడితే దూరపువి చాలా దగ్గరికి వచ్చేశాయి. కొలత తప్పు ఒకవైపు లాగినవాటిని పారేసి, రెండోవైపు లాగినవాటినే ఉంచుకుంటున్నానన్నమాట. మరీ దూరాన నక్షత్రాలే లేవని నేనూ ముందే అనుకున్నట్టే అది. నాకు సిగ్గేసింది.

అయినా ఊరికే ఒప్పుకోలేదు. అందాజు మారిస్తే జవాబు ఎంత మారుతుందని అడిగాను.

"దగ్గరివి కదలవు సార్. దూరపువి కదుల్తాయి," అంది, ఏమీ దాచకుండా.

అదీ ఒక అధ్యాయంగా రాయమన్నాను.

"ఆరు దినాలే ఉండాయి సార్!"

అయిదో రోజు నంద్యాల బస్సెక్కి తెచ్చింది. అప్పటికప్పుడే చదివి సంతకం పెట్టాను.

తన చదువంతా నా సంతకం మీద ఆగి ఉన్న రోజున ఆమె నా తప్పు నా ముఖానే చెప్పింది. అందుకు ఇప్పటికీ కృతజ్ఞుణ్ణి. అంచనా లేని లెక్క ఉండదు. రాసిపెట్టిన అంచనాను ఎవరైనా దిద్దవచ్చు. రాయని నా అంచనాను ముప్పై ఏళ్లు నేనే చూడలేకపోయాను.