తప్పు తెస్తేనే చాయ్

పంజగుట్టలో ఒక చీరల షాపు పై అంతస్తులో చిన్న భౌగోళిక పరిశోధన కేంద్రం ఉంది. కింద జరీ అంచు కోసం బేరమాడే ఆడవాళ్ళకు, తమ నెత్తి మీద ఇలాంటిదొకటి నడుస్తోందని తెలియదు. తెలియకపోతే కొంపలేం మునగవు. ఆకాశం నుంచి తీసిన నగరం ఫొటోలన్నీ అక్కడి పెద్ద సర్వర్‌లోకి చేరతాయి. ఎక్కడ పల్లం, ఎక్కడ మిట్ట, ఏ చెరువు ఎంత మిగిలింది అన్న లెక్కలు అదే తేలుస్తుంది. ఆ సర్వర్‌ను కంటికి రెప్పలా చూసుకునే మనిషి వహీదా.

వహీదాది బోరబండ. డిగ్రీ కాగానే అమీర్‌పేటలో కంప్యూటర్ కోచింగ్‌లో చేరింది. ఆ క్లాసుల సంగతి చూసినవాళ్ళకు చెప్పనక్కర్లేదు. కంప్యూటర్ ఒకటైతే చుట్టూ తలకాయలు నాలుగు. ముందు కూర్చున్నవాడు తప్పు కొడితే వెనకవాడు వీపు మీద తట్టి దిద్దేవాడు. అందరూ నవ్వుకునేవాళ్ళు, అందరికీ పాఠం వచ్చేసేది. అలా నేర్చుకున్న పిల్ల ఈ కేంద్రంలో ఉద్యోగానికొచ్చి, ఇక్కడి నిశ్శబ్దానికి ఊపిరాడక అల్లాడిపోయింది.

సర్వర్‌ను వాడుకునే పరిశోధకులు చాలామందే ఉన్నారు, తలా ఒక కాలేజీ. కానీ ఒకరి మొహం ఒకరికి తెలియదు. ఎక్కడివాళ్ళక్కడే కూర్చుని లాగిన్ అవుతారు, తమ లెక్కను వరసలో పెడతారు, ఆలస్యమైతే వహీదాకు ఫోన్ చేసి గొణుగుతారు. పెద్ద చదువులు చదివి కూడా, పక్కవాడి లెక్క ముందు పోతే తమ ఆస్తి పోయినట్టు బాధపడేవాళ్ళను చూస్తే ఎవరికైనా ఒళ్ళు మండుతుంది. వహీదాకూ మండేది. మనసులో తిట్టుకుని, పైకి మాత్రం "జర ఆగండి సార్, అయితది" అనేది.

వానాకాలం మొదట్లో హెడ్డాఫీసు నుంచి ఫోనొచ్చింది. పదిమంది కలిసి పనిచేస్తారని ఈ సర్వర్ మిషన్ ఇచ్చామనీ, అక్కడ అలాంటిదేమీ కనబడడం లేదనీ, దసరా లోపు రామ్మోహనరావు అనే అధికారి వచ్చి చూస్తాడనీ, ఆయనకు నచ్చకపోతే సర్వర్‌ను వేరే ఊరికి తరలిస్తామనీ చెప్పారు. వహీదాకు ఉద్యోగం ఇంకోటి దొరుకుతుందేమో. కానీ వాన పడితే బోరబండలో ఏ గల్లీకి నీళ్ళు ఎటునుంచి వస్తాయో చూపే మ్యాపు ఈ సర్వర్ మీదే తయారవుతోంది. ఆ గల్లీల్లో ఒకటి వాళ్ళది.

వెంటనే అందరినీ శనివారం సాయంత్రం చాయ్‌కి పిలిచింది. వచ్చారు. సమోసాలు తిన్నారు, ఫోన్లు చూసుకున్నారు, వెళ్ళిపోయారు. మరుసటి శనివారం సమోసాలు మాత్రమే తినే ఇద్దరు వచ్చారు.

దారి చూపింది దినేశ్. కావాలని కాదు పాపం. ఎస్.ఆర్. నగర్ హాస్టల్లో ఉండే దినేశే ఆ బోరబండ మ్యాపు తయారుచేస్తున్న కుర్రాడు. అతని లెక్క వరసంతా ఆపేసి గంటలకొద్దీ తిరిగింది. చివరికి తెల్ల కాగితంలాంటి మ్యాపు వచ్చింది. ఎవరికీ చెప్పకుండా మళ్ళీ పెట్టాడు, ఆ పైన మళ్ళీ పెట్టాడు. వెనక నిలిచినవాళ్ళంతా వహీదా మీద పడ్డారు. ఆమె అతన్ని పిలిపించింది.

"మిషన్ ఖరాబున్నది అక్కా" అన్నాడు దినేశ్ తల దించుకుని.

"మిషన్ మంచిగనే ఉన్నది. నువ్వే అక్షాంశం ఉండాల్సిన కాడ రేఖాంశం పెట్టినవ్. మా బోరబండ పోయి ఉత్తర ధ్రువం పక్కన మంచుల పడ్డది. మా అమ్మీకి స్వెటర్ సుత లేదు, ఎట్ల బతుకుతది చెప్పు."

దినేశ్ ముందు సిగ్గుపడ్డాడు, తర్వాత ఆపుకోలేక నవ్వాడు. తన చెరువుల లెక్క ఆలస్యమైందని అడగడానికొచ్చి ఆ పక్కనే కూర్చున్న దివ్యశ్రీ అనే కాకినాడ అమ్మాయి గొంతు సవరించుకుంది. "వహీదా గారూ, ఏంటి, ఇది అందరూ చేస్తారా? పోయిన నెల నా చెరువులు కూడా అక్కడే ఉన్నాయండీ. చెప్పడానికి మొహం చెల్లక ఊరుకున్నాను."

వహీదాకు అమీర్‌పేట క్లాసురూము కళ్ళముందు కదిలింది. ఆ శనివారం గోడకు ఒక కాగితం అతికించింది. ఈ వారం చేసిన తప్పు ఒకటి చెప్పినవాళ్ళకే చాయ్. అంతే, గది తీరే మారిపోయింది. తప్పు చెప్పాలంటే ఏం చేస్తున్నారో చెప్పాలి, అది విన్నవాళ్ళు దిద్దే దారి చెప్పాలి. దిద్దుకున్నవాళ్ళు ఆ దారిని సర్వర్‌లో అందరికీ కనబడేచోట పెట్టారు. మబ్బుల నీడను చెరువనుకున్నవాళ్ళు, కొలతలో మీటర్లను అడుగులనుకున్నవాళ్ళు నిలబడి మరీ చెప్పుకున్నారు. మొక్కుబడిగా వచ్చినవాళ్ళు మిత్రులను వెంటబెట్టుకొచ్చారు. తప్పులేవీ చేయని వారం వస్తే చాయ్ పోతుందే అని దినేశ్ బెంగపడ్డాడు గానీ, అలాంటి వారం అతనికి రాలేదు.

రామ్మోహనరావు చెప్పాపెట్టకుండా ఒక శనివారమే దిగాడు. ఆయనెవరో తెలియని దినేశ్ చేయి అడ్డం పెట్టి "తప్పు చెప్పనిదే చాయ్ లేదు సార్" అన్నాడు. ఆయన గోడ మీది కాగితం చదివి, మూలన కూర్చున్నాడు. హెడ్డాఫీసు ఫొటోల్లో చూసిన వహీదా ఆయన్ని గుర్తుపట్టి సలాం చేసేలోపే సర్వర్ గదిలో అలారం మోగింది. ఏసీ ఆగిపోయింది. గది పొయ్యిలా వేడెక్కుతోంది. సర్వర్‌కున్న నాలుగు పెట్టెల్లో మూడు ఆపేస్తే తప్ప అది నిలవదు. అంటే అందరి లెక్కలూ మధ్యలో ఆగిపోవాలి, ఒక్కరిది తప్ప.

ఒకప్పుడైతే ఆ ఒక్కరెవరన్న దగ్గర కాలర్లు పట్టుకునేవాళ్ళు. వహీదా నోరు తెరవకముందే దినేశ్ తన లెక్క ఆపేశాడు. "సోమవారం దివ్యశ్రీ థీసిస్ ఇయ్యాలె. ఆమెది నడవనీ. నాది ఎప్పుడైనా అయితది." పక్కనున్నవాళ్ళు కూడా ఆపేశారు. రానివాళ్ళు అందరి ఫోన్ గ్రూపులో వహీదా పెట్టిన మెసేజ్ చూసి ఇళ్ళ నుంచే ఆపేశారు. మూడు పెట్టెలు చల్లబడ్డాయి, నాలుగోది దివ్యశ్రీ చెరువులతో నడుస్తూనే ఉంది.

"ఏసీ ఎందుకు ఆగింది?" అన్నాడు రామ్మోహనరావు.

వహీదా ఆ తప్పును కరెంటు మీదకు నెట్టేయొచ్చు. అబద్ధమాడితే సర్వర్ దక్కుతుందేమో, నిజం చెబితే పోతుందేమో. కానీ గోడ మీద కాగితం అంటించింది తనే కదా.

"నా తప్పే సార్. ఏసీ సర్వీసుకు పిలవాల్సింది నేను. శనివారాల హడావిడిల మర్చిపోయిన. గీ వారం నా చాయ్ గిదే."

రామ్మోహనరావు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

"కొత్తలో నేను మ్యాపు తలకిందులుగా పెట్టుకుని, నది సముద్రంలోంచి బయల్దేరి కొండెక్కుతోందని రిపోర్టు రాశాను. మా పైవాళ్ళు సంతకం పెట్టి పంపించేశారు. ఇన్నేళ్ళలో ఎవరికీ చెప్పలేదమ్మా, చెప్పే చోటు దొరక్క."

ముందు నవ్వింది దివ్యశ్రీ. తర్వాత గదంతా నవ్వింది, ఆయనతో సహా. ఆ నవ్వు తగ్గాక దినేశ్ భయంభయంగా అడిగాడు. "అయితే సార్, మా మిషన్?"

"దాన్ని తీసుకెళ్తే మీ అందరినీ కూడా ఎక్కించాలయ్యా. అంత లారీ మా దగ్గర లేదు" అన్నాడు రామ్మోహనరావు.

వహీదాకు కళ్ళనిండా నీళ్ళొచ్చాయి. చున్నీ చెంగుతో తుడుచుకుని, ఏసీ మెకానిక్‌కు ఫోన్ కలిపి చెవికి ఆనించుకుని, రెండో చేత్తో రెండు కప్పుల్లో చాయ్ పోసింది. ఒకటి ఆయనకిచ్చి, రెండోది తను తీసుకుంది.