క్వారీ నీళ్ళలో మా పాస్టరయ్య

మా ఊరు బేరిగైలోని బాప్తిస్టు సంఘానికి ఎన్నో ఏళ్ళు పాస్టరుగా ఉండి రిటైరైన అయ్య, కృష్ణగిరి ఆస్పత్రిలో కన్నుమూశారు. హోసూరు బస్సు కోసం నిలబడి ఉండగా ఆ మాట విన్నాను. నాకు ముందు వచ్చింది దుఃఖం కాదు, భయం. ఎందుకో చెప్పకుండా ఆయన్ని తలచుకునే అర్హత నాకు లేదు.

ఆయన పటాలంలో సిపాయిగా చేసి వచ్చి పాస్టరైన మనిషి. ఎనభై దగ్గర పడినా రోజూ గడ్డం గీసుకునేవారు. ప్రార్థనకు ఆలస్యమైతే ఎంతటివారినైనా తలుపు దగ్గరే నిలబెట్టేవారు. నేను ఫ్యాక్టరీ గేట్ల దగ్గర యూనియన్‌వాళ్ళు పంచే కరపత్రాలు చదివి లోకం తెలుసుకున్నవాణ్ణి. ఊరుకుంటానా?

"తుపాకి పట్టిన చేత్తోనే బైబిలు పడతావే అయ్యా, సిగ్గుగా లేదా?" అని ఒక ఆదివారం అందరి ముందూ అడిగేశాను.

"తుపాకి పట్టినప్పుడు కూడా ఈ చెయ్యి వణికిందప్పా. నీ పేపర్లలో వణకనోళ్ళు ఉండారా? యాడుండారో చెప్పు, పోయి చూసొస్తాం."

అందరూ నవ్వారు. నేను విసురుగా వెళ్ళిపోయాను. మరునాడు ఆయనే మా ఇంటికి వచ్చారు. చేతిలో నా చెప్పులు.

"కోపం ఉండనీప్పా. ఎండలో వట్టి కాళ్ళతో పోతే ఎట్ల?"

ఆ మనిషి దగ్గరే బాప్తిస్మం తీసుకోవాలని నాకు అనిపించడానికి ఇంకో రెండేళ్ళు పట్టింది.

మా సంఘంలో బాప్తిస్మమంటే మనిషి నిలువునా మునగాలి. మాకు దగ్గర్లో ఏరు లేదు. రాయి తీసి వదిలేసిన క్వారీ గుంతలోనే ముంచుతారు. కొత్త పాస్టరు ఉన్నా, నేను పట్టుబట్టి అయ్యనే దింపాను. "చేతులు రొమ్ము మీద పెట్టుకో. నన్ను మాత్రం పట్టుకోవద్దు, ఇద్దరం పోతాం," అన్నారు. సరేనన్నాను. నీళ్ళు చెవులకు తగలగానే ఆయన చొక్కా పట్టి లాగాను. ఇద్దరం మునిగాం. ఆయన భుజం తొక్కి నేను పైకి వచ్చాను.

గట్టు మీదివాళ్ళు ఆయన్ని లాగారు. నీళ్ళు కక్కుతూనే, "నా కాలు జారింది," అని అందరికీ చెప్పారు. నా చెవిలో మాత్రం, "మునిగినావు గానీ, నేను బాప్తిస్మం ఇచ్చే మాట చెప్పకముందే మునిగినావు. ఇది లెక్క కాదప్పా, మళ్ళీ దిగాల," అన్నారు.

ఆ వారమే అయ్యకు దగ్గు మొదలైంది. నెల తిరక్కముందే ఆస్పత్రి. గుండె ఆగిందని డాక్టరు చెప్పారట. నాకు నమ్మకం కుదరలేదు.

సమాధి కార్యక్రమం అయ్యాక అయ్య భార్య, మా అమ్మగారి దగ్గర కూర్చున్నాను.

"అమ్మా, అయ్య కాలు జారలేదు. నేనే లాగినాను. ఆయన్ని తొక్కి పైకొచ్చినాను."

ఆమె నా వైపు తిరిగారు.

"భయపడినోళ్ళు లాగతారప్పా. ఆ దిగులుకే నీళ్ళలో దిగే రోజు ఆయన పొద్దున్నే ఏమీ తినడు. ఈత రాదు గదా."

"ఎవరికమ్మా?"

"ఇంకెవరికి? ఆయనకే. పటాలంలో కూడా నేర్చుకోలేదు."

"నా వల్లనే పోయినారా?"

"నాకెట్ల తెలుస్తుందప్పా," అని ఆమె లోపలికి వెళ్ళిపోయారు.

నన్ను తిట్టలేదు, ఓదార్చనూ లేదు. ఆ జవాబు ఇక ఎవరూ ఇవ్వలేరు. కళ్ళు మూస్తే ఒకటే కనిపిస్తోంది. ఈత రాని ముసలాయన, మెడదాకా గుండీలు పెట్టుకొని, నీటి అడుగున రాయిని కాలి వేళ్ళతో తడుముకుంటూ లోపలికి పోతున్నారు. నీళ్ళు నడుము దాటాక వెనక్కి తిరిగి, గట్టు మీద నిలబడిపోయిన నాకు చెయ్యి చాస్తున్నారు.