రంగులక్క మడమలు

నా చిన్నప్పుడు మేము దొడ్డబళ్ళాపురంలో ఉండేవాళ్ళం. మా అవ్వ మగ్గాల ఇళ్ళలో కండెలకు నూలు చుట్టేది. పవిత్ర గురువారం సాయంత్రం మా చర్చిలో ఫాదరు పన్నెండు మందిని కూర్చోబెట్టి కాళ్ళు కడిగేవారు, యేసు ప్రభువు శిష్యుల కాళ్ళు కడిగినట్టు. తమాషా ఏమిటంటే, ఆ పన్నెండు మందీ ఇంటి దగ్గరే సబ్బుతో తోముకుని, పౌడరు కూడా పూసుకుని వచ్చేవాళ్ళు. మురికి కాళ్ళతో ఫాదరు ముందు కూర్చోవడానికి ఎవరికి మనసొప్పుతుంది?

ఆ ఏడు మొదటిసారి మా వీధి రంగులక్కను పిలిచారు. పట్టునూలుకు రంగులు వేసే మనిషి. రోజంతా రంగునీళ్ళలో నిలబడి మడమల దాకా ఎరుపు, పగుళ్ళ లోపల కూడా ఎరుపే. కాళ్ళు తుడిచే తెల్ల తువ్వాలు పట్టుకునే పని నాది. దాంతో నాకు పొగరు తలకెక్కింది. మధ్యాహ్నం బోరింగు దగ్గర అందరూ వింటుండగా అనేశాను.

"అక్కా, నీ కాళ్ళు తుడిస్తే నా తువ్వాలు చెడిపోతాది. నువ్వు రావద్దులే."

ఆడవాళ్ళు నవ్వారు. అక్క కూడా నవ్వింది. బిందె నిండకుండానే ఎత్తుకుని వెళ్ళిపోయింది.

సాయంత్రం పదకొండు కుర్చీలు నిండాయి. పన్నెండోది ఖాళీ. బోరింగు దగ్గరి మాట ఎవరు చెవిన వేశారో, అవ్వ వచ్చి నా రెక్క పట్టుకుని బయటికి నడిపించింది. నేరుగా రంగులక్క ఇంటికి లాక్కుపోయింది.

రంగులక్క పెరట్లో కూర్చుని ఇటుక ముక్కతో మడమ రుద్దుకుంటోంది. తోలు లేచిపోయింది. ఏది రంగో ఏది నెత్తురో తెలియడం లేదు.

"ఇంగా పోలేదత్తా," అంది తల ఎత్తకుండా. "పోతే వస్తా."

అవ్వ ఆ ఇటుక ముక్క తీసుకుని నా చేతిలో పెట్టింది. "రుద్దు మ్మే. ఇంగా ఎరుపుండాది గదా. నీ తువ్వాలికి తగినట్టు తెల్లగా చెయ్యి."

ఇటుక తడిగా, వెచ్చగా ఉంది. చర్చి గంట మోగింది. అవ్వ కదలలేదు. "రుద్దు," అంది మళ్ళీ. నేను మోకాళ్ళ మీద పడి ఏడ్చాను. చివరికి అక్కే ఇటుక లాక్కుని అవతల పారేసింది.

"ఊరుకో అత్తా, పసిబిడ్డ అది! లెయ్ మ్మే, గంట కొట్టేసినారు," అంటూ తన కొంగుతో నా ముక్కు తుడిచింది. చూడండి, దెబ్బ తిన్నది ఆమె, ఓదార్పు నాకు.

అక్క కుంటుతూ వచ్చి పన్నెండో కుర్చీలో కూర్చుంది. ఫాదరు నీళ్ళు పోయగానే "స్స్" అంది. పళ్ళెంలో నీళ్ళు ఎర్రబడ్డాయి. ఫాదరు తువ్వాలు కోసం చెయ్యి చాపారు. నేను ఇవ్వలేదు. నేనే వంగి, మంట పుట్టకుండా మెల్లగా అద్దాను.

మొగుడు పోయాక ఎన్నో ఇళ్ళలో పాచిపని చేశాను. ఇప్పుడు బెళ్ళందూరులో కొడుకు దగ్గర ఉన్నాను. నా మడమలూ పగిలిపోయాయి. అయినా ఈ పాడు నోరు ఊరుకోదు కదా, ఎవరినో ఒక మాట అనబోతుంది. అప్పుడు అరచేతిలో గరుకుగా ఆ ఇటుక తగులుతుంది.